ఫ్యాక్టరీ తూటాకే ప్రైమర్ (తూటా అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న మూత) ఊడింది, బోల్ట్ బిగుసుకుపోయింది. లోపం రైఫిల్‌దా, తూటాదా?

గురిపలక:
రేంజ్‌లో జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

రైఫిల్ .308 విన్‌చెస్టర్, బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ తెరిచి మూసే రకం). తూటాలు ఫ్యాక్టరీవి, సీల్ అక్కడే తీశాను. రీలోడ్ చేసినవి (పేలిన కేసుల్లో మళ్లీ పౌడర్ నింపినవి) కావు. మొదటి కొన్ని మామూలుగానే పేలాయి. తర్వాత ఒకదానికి శబ్దం వేరుగా వచ్చింది, ముఖానికి వేడిగా గ్యాస్ కొట్టింది, కళ్లద్దాల మీద నల్ల చుక్కలు పడ్డాయి. బోల్ట్ పిడి ఎత్తబోతే కదల్లేదు. డ్యూటీలో ఉన్నాయన వచ్చి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి కాసేపు ముట్టుకోవద్దన్నారు. తర్వాత చెక్క సుత్తితో మెల్లగా తట్టి తెరిచాం. కేస్ (తూటా ఇత్తడి తొడుగు) వచ్చింది కానీ అందులో ప్రైమర్ లేదు, అది మ్యాగజైన్ అడుగున దొరికింది. కేస్ వెనక భాగం మీద ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి విసిరే భాగం) రంధ్రం అచ్చు మెరుస్తూ కనిపిస్తోంది. కేస్‌ని వెనక్కి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, విరిగిపోయింది. నాకు ఏమీ కాలేదు.

అక్కడున్నవాళ్లలో కొందరు "ఫ్యాక్టరీ తూటాకి ఇలా జరగదు, నీ రైఫిల్లోనే ఏదో ఉంది" అన్నారు. ఇంకొందరు "ఆ డబ్బా పారేసి వేరేది తెచ్చుకో" అన్నారు. నాకు రెండూ నచ్చలేదు. ఎలా తేల్చుకోవాలి?

రేంజ్_డ్యూటీ:
ముందు మీరు క్షేమంగా ఉన్నారు, సంతోషం. ఆ కళ్లద్దాలు కూడా దాచిపెట్టండి, అవీ సాక్ష్యమే.

డబ్బా పారేయొద్దు. ఆ లాట్‌లోది (ఒకే విడతలో తయారైన సరుకులోది) ఇంకొక్కటి కూడా పేల్చొద్దు, వేరే రైఫిల్లోనూ వద్దు. డబ్బా మూత లోపలి వైపో, అడుగునో లాట్ నంబర్ ఉంటుంది, ఫొటో తీయండి. పేలిన కేసులన్నీ, బాగా పేలినవి కూడా, పేలిన వరుసలోనే విడివిడిగా కవర్లలో పెట్టండి. బ్యారెల్ శుభ్రం చేయొద్దు. మిగిలిన తూటాల నుంచి బుల్లెట్లు మీరే పీకి పౌడర్ తూచే ప్రయత్నం అసలు చేయొద్దు. ఒకసారి విప్పాక కంపెనీవాళ్లు దాన్ని తమ తూటాగా ఒప్పుకోరు.

ఒక్క ప్రశ్న. అంతకు ముందు పేలినది నీరసంగా వినిపించిందా? "టప్" మని చిన్న శబ్దం, కుదుపు లేకపోవడం లాంటివి? అలా అయితే ఆ బుల్లెట్ గొట్టంలోనే ఆగిపోయి ఉండొచ్చు.

గురిపలక:
లేదండీ. ముందుది మామూలుగానే పేలింది, పేపర్ మీద రంధ్రం కూడా ఉంది.

ఉక్కుపిడి:
నేను సూటిగా చెప్తాను. రైఫిళ్లు పగిలిన ప్రతిసారీ అందరూ ముందు తూటాని తిడతారు. విచారిస్తే ఎక్కువసార్లు తేలేది రెండే. ఒకటి, బ్యారెల్లో ఏదో అడ్డం: బురద, మంచు, క్లీనింగ్ గుడ్డ ముక్క, తెగిపోయిన క్లీనింగ్ తాడు, గొట్టం కొనకు పెట్టి మరిచిపోయిన లేజర్ బోర్‌సైటర్ (గురి సరిచూసే పరికరం). రెండు, తప్పు తూటా.

రెండో దానికి అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ .300 బ్లాకౌట్. దాని కేస్ .223 కేస్ నుంచే పుట్టింది, రెండూ ఒకే మ్యాగజైన్‌లో పడతాయి. తేలికైన బుల్లెట్ ఉన్న .300 బ్లాకౌట్ తూటా కొన్ని .223 చాంబర్లలో (గొట్టంలో తూటా కూర్చునే చోట) బోల్ట్ మూసుకునేదాకా వెళ్లిపోతుంది. అంగుళంలో .308 వ్యాసమున్న బుల్లెట్‌ని .224 గొట్టంలోకి తోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షాట్‌గన్లలో 20 గేజ్ తూటా (గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం) 12 గేజ్ గొట్టంలోకి జారి అక్కడే ఇరుక్కుంటుంది. దాని వెనక 12 గేజ్ తూటా హాయిగా పట్టేస్తుంది. 20 గేజ్‌కి పసుపు రంగు పెట్టింది అందుకే.

గురిపలక గారూ, ఆ కేస్ వెనకున్న ముద్ర చదివారా? డబ్బా మీద రాసినదే కేస్ మీదా ఉందా?

గురిపలక:
ఉంది. .308 విన్ అనే ఉంది. బెంచ్ మీద నావి తప్ప ఇంకెవరి తూటాలూ లేవు.

పాత_మేస్త్రి:
బాబూ, ఇలాంటి కేసులు బల్ల మీదకి చాలానే వచ్చాయి. నేను చూసే వరుస చెప్తాను.

మొదట బ్యారెల్. వెలుతురుకి పట్టి లోపల చూడు, బయట వేళ్లతో తడుము. అడ్డం వల్ల పేలితే సాధారణంగా ఆ చోట ఉంగరంలా ఉబ్బు వస్తుంది. లోపల నల్లటి వలయంగా కనిపిస్తుంది, బిగుతైన గుడ్డ తోస్తే అక్కడ ఒక్కసారి వదులై మళ్లీ బిగుస్తుంది. అది లేకపోతే అడ్డం అనే అనుమానం చాలావరకు పక్కన పెట్టొచ్చు.

రెండోది హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ చాంబర్లో కేస్ ఆగే చోటుకీ మధ్య దూరం. దాన్ని గేజ్‌లనే కొలత దిమ్మెలతో చూస్తారు. .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634, ఫీల్డ్ 1.638. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. ఫీల్డ్ గేజ్ మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్‌తో కాల్చడం ఆపేయాలి. అయితే ఒక విషయం గమనించు. హెడ్‌స్పేస్ ఎక్కువైతే కేస్ సాగి, అడుగుకి కాస్త పైన మెరిసే గీత పడి, అక్కడే తెగుతుంది. నువ్వు చెప్పింది అది కాదు. నీ కేస్ తెగలేదు, ప్రైమర్ గుంట వెడల్పయింది. అది వేరే జబ్బు.

ప్రైమర్ ఊడిందంటే రెండే దారులు: ప్రెషర్ నిజంగానే హద్దు మీరింది, లేదా ప్రెషర్ మామూలుదే కానీ కేస్ అడుగున ఇత్తడి దాన్ని తట్టుకోలేనంత మెత్తగా ఉంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎజెక్టర్ అచ్చు రెండిట్లోనూ పడుతుంది. అందుకే ఒక్క కేస్ చూసి తీర్పు చెప్పేవాడిని నమ్మకు. మామూలుగా పేలిన కేసుల ప్రైమర్ గుంటలు కూడా కొలిపించు. అవీ వదులుగా ఉంటే కథ వేరుగా ఉంటుంది.

చాంబర్లో నూనె ఉందా? అదీ చెప్పు. పేలినప్పుడు కేస్ గోడ పొడి చాంబర్‌ని పట్టుకుని కొంత బలాన్ని తను మోస్తుంది. నూనో నీళ్లో ఉంటే ఆ పట్టు జారి భారమంతా బోల్ట్ మీద పడుతుంది.

కొత్తగా_వచ్చా:
అన్నా, ఒక డౌట్. మిగిలిన తూటాలన్నీ త్రాసు మీద తూస్తే ఎక్కువ పౌడర్ పడిందో లేదో తెలిసిపోదా?

లోహపరీక్ష:
తెలియదు తమ్ముడూ. .308లో పౌడర్ సుమారు 45 గ్రెయిన్లు (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు). ఒకే లాట్‌లో కూడా కేసుల బరువులే ఒకదానికొకటి కొన్ని గ్రెయిన్లు తేడాగా ఉంటాయి, బుల్లెట్లలో ఇంకొంచెం. పౌడర్ అసలే పడకపోతే త్రాసు పట్టేస్తుంది. రెండు మూడు గ్రెయిన్లు ఎక్కువైతే ఆ తేడాల్లో కలిసిపోతుంది. పైగా .308 లాంటి కేస్‌కి సరైన పౌడర్‌తోనే చాలావరకు నిండిపోతుంది, రెండింతలు పోయడానికి చోటుండదు. రైఫిల్ తూటాలో భయపడాల్సింది తప్పు రకం పౌడర్ పడటం. వేగంగా కాలే పౌడర్ తక్కువ బరువుతోనే ప్రెషర్‌ని ఆకాశానికి తీసుకెళ్తుంది.

మేస్త్రి గారు చెప్పిన మెత్తటి ఇత్తడి మాటని ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. కేస్ ఇత్తడి దాదాపు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్. తయారీలో సాగదీసే కొద్దీ గట్టిపడుతుంది, మధ్యలో వేడిచేసి మెత్తబరుస్తారు. మెడ మెత్తగా, అడుగు గట్టిగా ఉండాలి. ఆ వేడి అడుగుదాకా పాకితే కేస్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, కొలతలూ సరిపోతాయి. పేలినప్పుడే బయటపడుతుంది. కాఠిన్య పరీక్ష ఒక్కటే దాన్ని పట్టిస్తుంది.

చరిత్రపుట:
దీనికి చరిత్రలో గట్టి ఉదాహరణే ఉంది. అమెరికా సైన్యం 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లలో కొన్ని 1917లో చేతుల్లోనే పగిలాయి. విచారిస్తే రెండు లోపాలు కలిసి దొరికాయి. ఒకటి, కొన్ని తూటాల కేస్ అడుగులు మెత్తగా ఉండి గ్యాస్ వెనక్కి వదిలేశాయి. రెండు, రిసీవర్ల (గొట్టం, బోల్ట్ బిగిసే చట్రాల) ఉక్కు పెళుసుగా ఉంది. కొలిమిలో ఉక్కు ఎంత కాలిందో పనివాళ్లు రంగుని చూసి కంటితోనే అంచనా వేసేవారు. ఎండగా ఉన్న రోజు ఎర్రదనం తక్కువగా కనిపించి ఇంకా కాల్చేవారు. వేడిని కొలిచే పైరోమీటర్లు పెట్టి చూస్తే మబ్బు రోజుకీ ఎండ రోజుకీ 300 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు తేడా వచ్చింది.

అందుకే ఈనాటికీ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసినవి 8,00,000 లోపు నంబర్లు, రాక్ ఐలండ్‌లో చేసినవి 2,85,507 లోపు నంబర్లు ఉంటే కాల్చవద్దని చెప్తారు. నేను ఇందులో చూసేది ఇదే: మంచి రిసీవర్ అయితే ఆ మెత్తటి కేస్‌కి గ్యాస్ లీకై ఊరుకునేది, మంచి కేస్ అయితే ఆ పెళుసు రిసీవర్ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేది. రెండూ ఒకచోట పడ్డాయి. కాబట్టి "రైఫిల్‌దా, తూటాదా" అని అడిగినప్పుడు జవాబు ఒక్కటే ఉండాలని లేదు.

ఉక్కుపిడి:
వందేళ్ల కిందటి మాట ఈ రోజు ఫ్యాక్టరీకి ఎలా వర్తిస్తుంది? ఇప్పుడు ప్రతి లాట్‌నీ ప్రెషర్ బ్యారెల్లో పెట్టి కొలుస్తారు. అమెరికా తయారీదారుల సంస్థ శామీ .308కి గరిష్ఠంగా 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పెట్టింది. ఐరోపాలో అలాంటి ప్రమాణాల సంస్థ సీఐపీ 4,150 బార్ పెట్టింది. సీఐపీ దేశాల్లో ప్రతి తుపాకీనీ అమ్మేముందు ప్రూఫ్ చేస్తారు (తట్టుకుంటుందో లేదో పేల్చి చూస్తారు), రైఫిల్ అయితే గరిష్ఠానికి 25 శాతం పైన ఉండే తూటాతో. అది తట్టుకుని వచ్చిన రైఫిల్ ఒక్క ఫ్యాక్టరీ తూటాకి చెదరదు.

లోహపరీక్ష:
ఉక్కుపిడి గారూ, మీరు చెప్పిన అంకెలు సరైనవే. వాటి నుంచి మీరు తీసిన ముగింపుతోనే నా పేచీ. లాట్ పరీక్ష అంటే లాట్‌లోంచి కొన్ని నమూనాలు తీసి పేల్చడం. పేలిన తూటాని అమ్మలేరు కదా, అన్నిటినీ పరీక్షించే వీలే లేదు. మెషీన్ మధ్యలో కాసేపు గతి తప్పితే ఆ కాసేపటి సరుకు నమూనాల్లో పడకుండా బయటికి రావచ్చు. తయారీదారులు అప్పుడప్పుడు లాట్ నంబర్లతో సహా ప్రకటన ఇచ్చి తూటాలు వెనక్కి తీసుకుంటున్నారంటే కారణం ఇదే. ప్రూఫ్ చేసేది కూడా ఆ రోజున్న రైఫిల్‌ని. తర్వాత ఇరవై ఏళ్ల అరుగుదలకి ఆ ముద్ర పూచీ పడదు. అమెరికాలో శామీ ప్రమాణాలు పాటించడం చట్టబద్ధం కూడా కాదు, స్వచ్ఛందం.

ప్రమాణాలు అన్నిచోట్లా ఒకటేనన్న భ్రమ కూడా వద్దు. 8×57 మౌజర్ చూడండి. పాత గొట్టాలకి .318 అంగుళాల బుల్లెట్, తర్వాతి వాటికి .323. పొరపాటున పెద్దది పాత గొట్టంలోకి పోతుందని శామీ ఆ తూటాని 35,000 పీఎస్ఐకే కట్టేసింది. ఐరోపాలో .323 గొట్టాలకి తయారయ్యే ఐఎస్ రకం తూటాకి 3,900 బార్, అంటే దాదాపు 56,500 పీఎస్ఐ. రెండూ ఫ్యాక్టరీవే, రెండు డబ్బాల మీదా 8 మి.మీ. మౌజర్ అనే ఉండొచ్చు.

కొత్తగా_వచ్చా:
మరి .223 రైఫిల్లో 5.56 నాటో తూటా వాడొచ్చా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

పాత_మేస్త్రి:
గొట్టం మీద .223 అని మాత్రమే ఉంటే .223 మాత్రమే వాడు. 5.56 చాంబర్లో బుల్లెట్ ముందు, గొట్టం లోపలి గాళ్లు (రైఫ్లింగ్) మొదలయ్యేదాకా ఖాళీ ఎక్కువ. .223 చాంబర్లో అది తక్కువ, దాంతో 5.56 తూటాకి ప్రెషర్ పెరగవచ్చు. 5.56కి 62,000, .223కి 55,000 పీఎస్ఐ అని ఇంటర్నెట్‌లో పోలుస్తుంటారు, ఆ పోలిక పట్టించుకోకు. నాటో పద్ధతిలో కేస్ మూతి దగ్గర కొలుస్తారు, శామీ పద్ధతిలో కేస్ నడుము దగ్గర. 5.56 అని రాసి ఉన్న గొట్టంలో .223 నిశ్చింతగా వాడుకో.

చరిత్రపుట:
ప్రెషర్ హద్దులో ఉన్నా ఫ్యాక్టరీ తూటా రైఫిల్‌ని దెబ్బతీయగలదు. అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ కథ చాలామందికి సగమే తెలుసు. రైఫిల్‌ని మొదట ఒక రకం పౌడర్‌తో పరీక్షించారు. 1960లలో సైన్యానికి సరఫరా చేసేటప్పుడు బాల్ పౌడర్‌కి (గుండ్రటి గుళికల రకం) మారారు. దాంతో కాల్పుల వేగం పెరిగింది, అందులోని కాల్షియం కార్బనేట్ వల్ల గ్యాస్ గొట్టంలో మసి పేరుకుంది. చాంబర్‌కి క్రోమ్ పూత లేదు, సైనికులకు క్లీనింగ్ కిట్లు సరిగ్గా అందలేదు. వియత్నాంలో ఖాళీ కేసులు చాంబర్లోనే ఇరుక్కుపోయాయి. అలా ఇరుక్కున్న రైఫిల్ చేతిలో ఉండగానే ప్రాణాలు కోల్పోయినవాళ్లున్నారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం విచారించి పౌడర్ మార్పుని తీవ్రంగా తప్పుబట్టింది. తర్వాత కార్బనేట్ తగ్గించారు, చాంబర్‌కి క్రోమ్ వేశారు.

మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా వాళ్ల రాస్ రైఫిల్ కూడా అంతే. చాంబర్ బిగుతు. కెనడా తూటాలతో బాగానే నడిచింది, కొలతలు కాస్త అటూ ఇటూ ఉన్న బ్రిటిష్ తూటాలు వచ్చేసరికి కందకాల్లో బోల్ట్‌ని బూటుకాలితో తన్ని తెరవాల్సి వచ్చింది. దాని బోల్ట్‌ని తప్పుగా బిగించినా రైఫిల్లో పడుతుంది, పేలినప్పుడు లాక్ కాకుండా నేరుగా ముఖం మీదకి వస్తుంది. 1916లో దాన్ని ముందు వరుస నుంచి తీసేశారు.

గురిపలక:
అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే చేశాను, ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకండి, జవాబు రావడానికి సమయం పట్టింది.

గన్‌స్మిత్ చూశారు. బ్యారెల్లో ఉబ్బు లేదు. చాంబర్ పొడిగానే ఉంది. బోల్ట్ గో గేజ్ మీద మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు. బాగా పేలాయనుకున్న కేసులు కొలిస్తే వాటిలో కొన్నిటి ప్రైమర్ గుంటలు కూడా వదులైపోయి ఉన్నాయి! వాటిని నేను మామూలువే అనుకున్నాను. మిగిలిన తూటాలు, కేసులు, డబ్బా కంపెనీకి రసీదుతో అందించాను. వాళ్ల దగ్గరున్న అదే లాట్ నమూనాలతో కలిపి చూశారు. పౌడర్ బరువు, రకం సరిగ్గానే ఉన్నాయి. కేస్ అడుగు కాఠిన్యం ఉండాల్సినదానికంటే తక్కువని రాసి ఇచ్చారు. ఆ లాట్ వెనక్కి తీసుకుంటున్నారు, రిపేర్ ఖర్చు వాళ్లే భరిస్తామన్నారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. వాళ్లు నిజాయితీగా స్పందించారు.

ఉక్కుపిడి:
మంచి పని చేశారు. డబ్బా పారేసి ఉంటే ఇదేదీ బయటికొచ్చేది కాదు, ఆ లాట్ ఇంకొకరి చేతిలో పేలేది. ఒకటి మాత్రం మళ్లీ చెప్తాను: మొదట బ్యారెల్, తర్వాత కేస్ మీది ముద్ర, ఆ తర్వాతే తూటా మీద అనుమానం. మీ విషయంలోనూ వరుసగా ఒక్కోటి కొట్టేసుకుంటూ వచ్చారు కాబట్టే కంపెనీ మాట విన్నది.

పాత_మేస్త్రి:
బాబూ, ఎక్స్‌ట్రాక్టర్ మార్చి సరిపెట్టుకోకు. బోల్ట్ లగ్గులకి (బోల్ట్‌ని రిసీవర్లో బిగించి పట్టే పళ్లకి) పగుళ్ల పరీక్ష చేయించు, రంగు ద్రవంతోనో అయస్కాంత పొడితోనో చేస్తారు. లగ్గులు కూర్చునే చోట రిసీవర్లో గుంట పడిందేమో చూడమను. ఫైరింగ్ పిన్ కొన కూడా చూడాలి, వేడి గ్యాస్ తగిలితే తినేస్తుంది. అన్నీ అయ్యాక కొన్ని తూటాలు కాల్చి హెడ్‌స్పేస్ మళ్లీ కొలిపించు. కొలత పెరిగితే లోహం సర్దుకుంటోందని అర్థం, ఆ రైఫిల్‌కి ఇక సెలవు.

నీకు దెబ్బ తగలకపోవడంలో రైఫిల్ డిజైన్ పుణ్యం కూడా ఉంది. మౌజర్ 98 నుంచి మంచి బోల్టులకి పక్కన రంధ్రాలు పెడుతున్నారు, లీకైన గ్యాస్ కంటి వైపు రాకుండా పక్కకి పోవాలని. అయినా కళ్లద్దాలు లేకుండా బెంచ్ దగ్గర కూర్చునేవాళ్లని చూస్తే నాకు కోపం ఆగదు.

రేంజ్_డ్యూటీ:
పాత సర్‌ప్లస్ (సైన్యం అమ్మేసిన మిగులు) తూటాలు చవగ్గా వస్తున్నాయని ఎగబడేవాళ్లకి ఒక మాట. 2021లో అమెరికాలో ఒక యూట్యూబర్ చేతిలో .50 బీఎంజీ (భారీ మెషీన్‌గన్ తూటా) కాల్చే సింగిల్ షాట్ రైఫిల్ పేలింది. వాడింది స్లాప్ రకం (ప్లాస్టిక్ తొడుగులో సన్నటి కవచభేదక బుల్లెట్ ఉండేది) పాత తూటా. వెనక బిగించే మరమూత ఊడి దూసుకొచ్చింది, ముక్కలు మెడలోకి వెళ్లాయి. తెగిన సిరని బొటనవేలితో నొక్కిపట్టి ఆస్పత్రికి చేరాడు, బతికాడు. ఆ తూటా ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరు ముట్టుకున్నారో చెప్పగలిగేవారు లేరు. ఫ్యాక్టరీ ముద్ర ఉన్నంత మాత్రాన అది ఫ్యాక్టరీలో మూసినట్టే ఉందని కాదు.

లోహపరీక్ష:
నిల్వ సంగతి కూడా. బ్రిటిష్ ఇండియాలో వానాకాలం తూటాలని గుర్రపుశాలల్లో పెడితే కేసులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిసి పగులు తెస్తాయని 1921లో తేల్చారు. అందుకే అమ్మోనియా ఉన్న క్లీనర్లతో తూటాలు తుడవకండి. డబ్బా తెరవగానే ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రటి పొగ, కేస్ మీద లోపలి నుంచి వచ్చినట్టున్న పచ్చ మచ్చలు కనిపిస్తే పౌడర్ చెడిపోయినట్టే. ఎండలో నిలిపిన కారులో వదిలేయడమూ మంచిది కాదు, వేడికి ప్రెషర్ పెరుగుతుంది. ఒకే తూటాని మాటిమాటికీ చాంబర్లోకి ఎక్కించి తీస్తుంటే బుల్లెట్ లోపలికి దిగిపోతుంది. పక్కన కొత్తది పెట్టి పొడవు పోల్చి చూడండి.

కొత్తగా_వచ్చా:
మీట నొక్కితే క్లిక్‌మని పేలకపోతే ఎంతసేపు ఆగాలి? ఇంకోటి, నేను తూటాలన్నీ డబ్బాల్లోంచి తీసి ఒకే ప్లాస్టిక్ పెట్టెలో పోసుకున్నాను. ఈ థ్రెడ్ చదివాక భయమేస్తోంది.

రేంజ్_డ్యూటీ:
కనీసం 30 సెకన్లు గొట్టం టార్గెట్ వైపే ఉంచి, బోల్ట్ ముట్టుకోకుండా ఆగండి. ఆలస్యంగా పేలే తూటా బోల్ట్ తెరిచినప్పుడు పేలితే ముక్కలు మీ వైపే వస్తాయి. క్లిక్ కాకుండా నీరసమైన "టప్" వస్తే కూడా అంతే ఆగండి. ఆ తర్వాత బోల్ట్ తెరిచి, తూటా తీసేసి, గొట్టం ఆసాంతం కనిపిస్తోందో లేదో చూసేదాకా రెండోది ఎక్కించొద్దు.

పెట్టెలో కలిపేసిన వాటిని ముందు కేస్ ముద్రలు చూసి కొలతల ప్రకారం వేరు చేయండి. .223, .300 బ్లాకౌట్ రెండూ మీ దగ్గర ఉంటే ఈ రోజే చేయండి. ఇకపై డబ్బా మూత మీది లాట్ నంబర్ ముక్క కత్తిరించి ఆ తూటాలతోనే ఉంచండి. ఏ లాట్‌వో చెప్పలేని పాతవి మాత్రం మా రేంజ్‌లో నేను కాల్చనివ్వను.

గురిపలక:
నా లాట్ నంబర్ ఫొటో పైన మొదటి పోస్ట్‌కి జతచేశాను. అదే .308 డబ్బా ఎవరి దగ్గరైనా ఉంటే మూత లోపలి వైపు చూడండి, కలిస్తే పేల్చకుండా కంపెనీకి రాయండి.